గుణాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి

భయం గురించి తెలుగులో మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. ‘అది పిరికి మాట’ అనవచ్చు, ‘నాకు భయంగా ఉంది’ అనవచ్చు, ‘నేను పిరికివాణ్ణి’ అనవచ్చు. మొదటి వాక్యంలో గుణం ఒక మాటకు అంటుకుంది. రెండో వాక్యంలో ఒక వేళకు అంటుకుంది. ఆ వేళ దాటితే భయమూ దాటిపోవచ్చు. మూడో వాక్యంలో మాత్రం అది మనిషికే అంటుకుని కూర్చుంది. నెల్లూరు జిల్లా బోగోలు నుంచి నెల్లూరుకో కావలికో ఇంటర్వ్యూకు బయలుదేరిన కుర్రవాడు మూడింటిలో ఏ వాక్యాన్ని మనసులో అనుకుంటూ వెళ్తున్నాడన్నది చిన్న సంగతి కాదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన గురించి గానీ, మన పిల్లల గురించి గానీ, పక్కవాడి గురించి గానీ విశేషణం వాడేటప్పుడు దాన్ని మూడో చోట కూర్చోబెట్టే ముందు ఆగాలి. అక్కడికి చేరడానికి సాక్ష్యం కావాలి. సాక్ష్యం లేకపోతే గుణాన్ని రెండో చోటే ఉంచాలి, లేదా జరిగిన పనికి అప్పగించాలి. ఇందుకు కావలసిన పరికరాలన్నీ తెలుగు వ్యాకరణంలో ఉన్నాయి, పైగా చాలా భాషలకంటే స్పష్టంగా ఉన్నాయి.

ఆ పరికరాలను కాస్త దగ్గరగా చూద్దాం. నామవాచకానికి ముందు నిలబడినప్పుడు తెలుగు విశేషణం దేనికీ తల వంచదు. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి ఆవు, మంచి పుస్తకాలు, మంచి పుస్తకాలకు: లింగం మారినా వచనం మారినా విభక్తి మారినా ‘మంచి’ అలాగే ఉంది. అదే విశేషణం వాక్యం చివరికి వచ్చి ఒకరి గురించి తీర్పు చెప్పాలంటే పరిస్థితి వేరు. ‘అతను మంచి’ అని ఊరుకోలేం. మంచివాడు, మంచిది, మంచివాళ్ళు అని ఎవరో ఏమిటో తేల్చాలి. అంతటితో అయిపోదు. నేను మంచివాణ్ణి, నేను మంచిదాన్ని, నువ్వు మంచివాడివి, మేం మంచివాళ్ళం అని మాట్లాడుతున్నది ఎవరి గురించో కూడా ఆ మాటలోనే చేరుతుంది. పాత తెలుగులోనూ ఇదే పద్ధతి: నేను కవిని, నీవు కవివి, మేము కవులము. నెల్లూరు సీమలో తిక్కన కాలంలోనే, 13వ శతాబ్దంలో, కేతన ‘ఆంధ్రభాషాభూషణము’ రాశాడు. తెలుగు వ్యాకరణాన్ని తెలుగు పద్యాల్లో చెప్పిన తొలి గ్రంథంగా దానికి పేరు. తన ‘దశకుమారచరిత్రము’ను కేతన అంకితమిచ్చింది కూడా తిక్కనకే. బోగోలు ఉన్న ఆ నెల్లూరు సీమలో భాష ఎలా నడుస్తుందన్న ఆలోచన ఏడువందల ఏళ్ళకు ముందే సాగింది. మూడో చోటుకు చేరిన విశేషణం పూర్తిగా నామవాచకం అయిపోతుందని, పురుషప్రత్యయం కూడా తగిలించుకుంటుందని తెలుగు మాట్లాడే ప్రతి ఒక్కరికీ నోటికి తెలుసు. చెవి దాన్ని పట్టుకోవడమే మనం నేర్వవలసింది.

ఇంకో భాష పక్కన పెట్టి చూస్తే మన భాష ప్రత్యేకత కళ్ళకు కడుతుంది. ఇందుకు ప్రాచీన ఐరిష్ కంటే మంచి తోడు దొరకదు. 8, 9 శతాబ్దాల ఐరిష్ సన్యాసులు లాటిన్ గ్రంథాలు చదువుతూ, మన పిల్లలు ఇంగ్లీషు వాచకంలో పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసుకున్నట్టు, వరుసల మధ్య తమ భాషలో అర్థాలు రాసుకున్నారు. వూర్ట్స్‌బుర్గ్, మిలాన్, సెయింట్ గాలెన్‌లలో ఉన్న ఆ రాతప్రతులే ఆ భాషకు ముఖ్యమైన ఆధారాలు. వాటి మీద ఆధారపడి యోహాన్ కాస్పర్ త్సోయిస్ తన కెల్టిక్ వ్యాకరణాన్ని 1853లో అచ్చువేశాడు. ఐదేళ్ళకు, 1858లో, మద్రాసులో చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ వచ్చింది. ప్రాచీన ఐరిష్‌లో విశేషణం సాధారణంగా నామవాచకం తర్వాత వస్తుంది, దానికి తగ్గట్టు లింగంలో వచనంలో విభక్తిలో మారుతుంది. పెద్ద మనిషి ‘ఫెర్ మోర్’ అయితే పెద్ద స్త్రీ ‘బెన్ వోర్’. స్త్రీలింగం పక్కన మొదటి హల్లు మెత్తబడి మకారం వకారం లాగా వినిపిస్తుంది. అయితే మంచి, చెడు, ముసలి అనే అర్థాలున్న కొన్ని మాటలు మాత్రం నామానికి ముందే చేరి, మారకుండా, సమాసంలా కలిసిపోతాయి, అచ్చం మన ‘మంచి’, ‘చెడు’, ‘ముసలి’ లాగానే. రెండు భాషలకూ చుట్టరికం లేదు. అయినా మనుషులు నిత్యం వాడే అతి పాత తీర్పులు రెండుచోట్లా ముందు వరుసలో స్థిరపడ్డాయి. ఇది నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది. ఆ భాషకు ‘ఉండు’ అనే అర్థంలో రెండు క్రియలు కూడా ఉన్నాయి. ఒకటి ఫలానాది ఫలానాదని తేల్చడానికి, రెండోది ఒక చోటనో ఒక స్థితిలోనో ఉండటానికి. నేటి ఐరిష్‌లోనూ ఆ తేడా బతికే ఉంది. భయపడిన మనిషి ఆ రెండో క్రియతోనే ‘భయం నా మీద ఉంది’ అంటాడు. మన ‘నాకు భయంగా ఉంది’కి ఇది ఎంత దగ్గరో చూడండి. రెండు భాషల్లోనూ భయం మనిషి దగ్గరికి వచ్చినదే తప్ప మనిషే భయం కాదు.

సరే, వ్యాకరణంలో తేడా ఉంది. ఆ తేడా మనసుకు తగులుతుందా? తగులుతుందనడానికి ఆధారాలున్నాయి. 1999లో సుసాన్ గెల్మన్, గెయిల్ హేమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అయిదేళ్ళ, ఏడేళ్ళ పిల్లలకు కొందరు వ్యక్తుల గురించి చెప్పారు. ఒకచోట ఒక అమ్మాయి అవకాశం దొరికినప్పుడల్లా క్యారెట్లు తింటుందన్నారు, మరోచోట ఆమె ‘క్యారెట్ తినేది’ అని పేరుగా చెప్పారు. పేరుగా విన్న పిల్లలు ఆ అలవాటు ఎప్పటికీ పోదని, ఇంట్లోవాళ్ళు వద్దన్నా నిలుస్తుందని ఎక్కువగా అనుకున్నారు. 2007లో ఆంద్రే చింపియన్, ఎలెన్ మార్క్‌మన్, కెరోల్ డ్వెక్ తదితరులు నాలుగేళ్ళ పిల్లలతో ఇంకో అడుగు ముందుకు వేశారు. బొమ్మ గీసినందుకు కొందరిని ‘నువ్వు మంచి బొమ్మలు గీసేవాడివి’ అనే తరహాలోనూ, కొందరిని ‘ఈ బొమ్మ బాగా గీశావు’ అనే తరహాలోనూ మెచ్చుకున్నారు. రెండు రకాల పిల్లలకూ అప్పుడు ఒకటే ఆనందం. తర్వాత బొమ్మలో పొరపాటు వచ్చినప్పుడు మాత్రం మొదటి రకం మెప్పు అందుకున్నవాళ్ళు ఎక్కువగా డీలా పడ్డారు. నువ్వు ఫలానావాడివి అని ఒప్పుకున్న పిల్లవాడికి ఒక తప్పు బొమ్మ వట్టి తప్పు బొమ్మ కాదు. తను ఫలానావాడు కాదేమో అన్న అనుమానం అది. ఈ ప్రయోగాలు ఇంగ్లీషులో జరిగాయి, నిజమే. అక్కడ మాటల అమరికలో దాగి ఉండే తేడాను తెలుగు ‘వాడివి’ అనే ప్రత్యయంతో బాహాటంగా చూపిస్తుంది. కనుక ఆ తేడా మనకు ఇంకా సులువుగా దొరకాలి.

బోగోలు మండలంలో డబ్బు చేతులు మారే చోట్ల ఈ జాగ్రత్త ఇప్పటికే ఉంది. ఈ తీరంలో రొయ్యల చెరువుల మీద బతికేవాళ్ళు ‘పెద్ద రొయ్య’ అని బేరం మొదలుపెట్టరు, కౌంట్ అడుగుతారు. 40 కౌంట్ అంటే కిలోకు నలభై తూగే రొయ్య, 100 కౌంట్ అంటే కిలోకు నూరు తూగేది. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. పెద్ద, చిన్న అనే విశేషణాలు పెట్టుకుంటే ఆ వ్యాపారం ఒక్క పూట సాగదు, ఎవరి ‘పెద్ద’ వారిది. ధాన్యం కొనుగోలు కేంద్రంలోనూ ‘పచ్చి వడ్లు’ అన్న మాటతో పని తీరదు. తేమ 17 శాతం లోపు ఉందా లేదా అని యంత్రం పెట్టి చూస్తారు. రైతుకు రావలసిన డబ్బు విశేషణం మీద ఆధారపడినప్పుడు మనం కొలత అడుగుతున్నాం. పదిహేనేళ్ళ కొడుకు భవిష్యత్తు విశేషణం మీద ఆధారపడినప్పుడు మాత్రం కొలత అడగకుండా ‘మొద్దు’ అని సంతకం పెట్టేస్తున్నాం. ఇది నాకు సరైనదిగా తోచదు.

పోలికల విషయంలో మన భాష ఇంకాస్త సాయం చేస్తుంది. ఇంగ్లీషులో ఉన్నట్టు విశేషణానికే తగిలే తారతమ్య ప్రత్యయం అచ్చ తెలుగులో లేదు. ఎవరికంటే అన్నది చెప్పాలి, ఎవరిలోకెల్లా అన్నది చెప్పాలి. ‘అక్క కంటే పొడుగు’, ‘అందరిలోకీ చిన్నవాడు’. ప్రాచీన ఐరిష్‌లో ప్రత్యయాలు ఉన్నాయి, పైగా నాలుగు మెట్లు: మామూలుది, ‘అంత’ అనే సమానం, ఎక్కువ, అన్నిటికంటే ఎక్కువ. అయితే ‘ఎక్కువ’, ‘అన్నిటికంటే ఎక్కువ’ అనే రూపాలు నామవాచకం పక్కన విశేషణంగా చేరవు. ‘పెద్ద మనిషి’ అనవచ్చు గానీ ‘మరింత పెద్ద’ అనాలంటే ‘ఎవరు మరింత పెద్దవాడో ఆ మనిషి’ అన్నట్టు ఒక ఉపవాక్యమే కట్టాలి. అంటే పోలిక ఎప్పుడూ ఒక ప్రకటనగానే రావాలి, అలంకారంగా దొంగచాటున రాకూడదు. మనం ఆ తెలుగు క్రమశిక్షణను సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలతో సడలించుకున్నాం. ‘ఉత్తమ విద్యార్థి’ అన్నప్పుడు ఎవరిలో ఉత్తముడు, ఏ సంవత్సరం, ఏ విషయంలో అనే ప్రశ్నలన్నీ ఆ ఒక్క మాటలో మునిగిపోతాయి. ఇంట్లో ‘పక్కింటివాడు నీకంటే నయం’ అనే మాటలో ‘కంటే’ ఉంది కదా అంటారేమో. ఉంది, కానీ దేనిలో నయం అన్నది లేదు. ‘కంటే’ ఎవరిని చెబుతుంది, ‘లో’ దేనిలోనో చెబుతుంది. రెండూ ఉంటేనే పోలిక పూర్తి అవుతుంది. ‘లెక్కల్లో వాడికి నీకంటే పన్నెండు మార్కులు ఎక్కువ’ అన్నది వినడానికి చేదుగా ఉన్నా, దాన్ని పట్టుకుని ఏదైనా చేయవచ్చు.

తెలుగు విశేషణాల్లో సంఖ్యలో అతి పెద్ద వర్గం మంచి, చెడు లాంటివి కాదు. క్రియ నుంచి పుట్టినవి, వ్యాకరణ పుస్తకాలు ధాతుజ విశేషణాలనేవి. చదివిన, చదువుతున్న, చదివే, చదవని: ప్రతి క్రియా ఇలా విశేషణం కాగలదు, చాలా రూపాల్లో కాలమో అలవాటో ఇమిడి ఉంటుంది. నా వాదనకు అసలు బలం ఇక్కడుంది. ‘సోమరి కుర్రాడు’ అన్న మాటను ఎవరూ నిరూపించలేరు, ఖండించలేరు. ‘నిన్న హోంవర్క్ చేయని కుర్రాడు’ అన్నదాన్ని నోటుబుక్కు తెరిచి చూడవచ్చు. ఈ రూపాల విషయంలో ఒక ప్రత్యేకమైన హెచ్చరిక కూడా ఉంది. ‘చేసే’, ‘చేస్తాడు’ అనే తద్ధర్మ రూపాలు అలవాటును చెబుతాయి, కాబట్టి అవి మనిషికే అంటించే సగం ముద్రలే. ‘ఎప్పుడూ ఇంతే చేస్తాడు’ అన్నది క్రియలాగా కనిపిస్తున్నా, మూడో చోటుకు మెట్టెక్కిన వాక్యమే. ‘చేసిన’ అనే భూత రూపానికి, ‘నిన్న చేయని’ లాంటి వ్యతిరేక రూపానికి తేదీ చెప్పగలం కాబట్టి అవి గట్టివి. మన పాత దానశాసనాలు చూస్తే ఇదే పంపకం కనిపిస్తుంది. 1905లో అలన్ బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా మద్రాసులో అచ్చువేశారు. ఆ తరహా శాసనాల్లో రాజుకు, దాతకు బిరుదులు వరసగా పొడవుగా సాగుతాయి, ఆ తర్వాత ఫలానా దేవరకు ఫలానా భూమి ఇచ్చినట్టు క్రియ వస్తుంది. నేటి చరిత్రకారుడికి పనికివచ్చేది ఆ చివరి క్రియ, ఆ భూమి కొలత, ఆ శకవర్షం. బిరుదులు చాలామందికి ఉండేవి. ఇచ్చిన భూమి ఒకరిదే.

ఇప్పుడు వస్తున్న ఒక ప్రమాదం గురించి ఇక్కడే చెప్పాలి. ఇంగ్లీషు విశేషణాలు తెలుగులోకి వచ్చేటప్పుడు ఈ మూడు చోట్ల తేడాను చెరిపేస్తున్నాయి. ‘నేను మ్యాథ్స్‌లో వీక్’, ‘వాడు డల్’, ‘మా అమ్మాయి చాలా షై’. వీక్ పక్కన ‘గా ఉన్నాను’ లేదు, ‘వాణ్ణి’ లేదు. స్థితి చెబుతున్నామా, మనిషినే చెబుతున్నామా తెలియడానికి గుర్తు ఏదీ లేదు. గుర్తు లేనప్పుడు వినేవాడు కఠినమైన అర్థమే తీసుకోవచ్చు, చెప్పేవాడూ అదే నమ్మవచ్చు. ఆ మాటలు వాడవద్దని నేను అనను, అవి ఇప్పుడు తెలుగు మాటలే. తెలుగు మాటలకు పెట్టే ప్రత్యయం వాటికీ పెట్టమంటాను. ‘ఈ సెమిస్టర్లో లెక్కల్లో వీక్‌గా ఉన్నాను’ అంటే ఆరు నెలల సంగతి అయింది, మార్చుకోగలిగినది అయింది. మనకు సొంతంగా ఉన్న ముద్రలూ తక్కువేం కాదు: తిండిపోతు, తాగుబోతు, సోమరిపోతు, పిసినారి, వాగుడుకాయ. భాష రుచి వీటిలో ఉంది, కథలకు హాస్యానికి ఇవి కావాలి. బడి పిల్లవాడి రిపోర్టులో మాత్రం వీటికి పని లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది: మాట మారిస్తే మనిషి మారతాడా? మారడు, అలా నేను అనడం లేదు. భాష మనిషి ఆలోచనను బంధించివేస్తుందన్న వాదం అంత దూరం నిలబడదు. మూడు చోట్లూ ఉన్న తెలుగువాళ్ళమే ఒకరినొకరం ‘పనికిరానివాడు’ అని తేలిగ్గా తిట్టుకుంటున్నాం. పొగిడే తీరు మారిస్తే, బుద్ధి పెరుగుతుందని నమ్మిస్తే పిల్లల చదువు ఒక్కసారిగా ఎగబాకుతుందన్న ఆశ కూడా పెద్ద అధ్యయనాల్లో బాగా తగ్గింది. 2019లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అమెరికా దేశవ్యాప్త అధ్యయనంలో, వెనకబడ్డ విద్యార్థుల గ్రేడుల్లో కనిపించిన లాభం చిన్నదే. చిన్న లాభం లాభమే, కానీ దాన్ని మాహాత్మ్యంగా అమ్మకూడదు. నా మాట దానికంటే చిన్నది: ఏ రూపం ఎంచుకున్నామో అది ఎంత సాక్ష్యం చూపాలో నిర్ణయిస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. మంచి ముద్రలు మనిషిని నిలబెడతాయి కదా, ‘నేను కష్టజీవిని’ అనుకున్నవాడు కష్టపడతాడు కదా? దీనికీ ప్రయోగాలున్నాయి. ‘ఓటు వేయడం’ కాకుండా ‘ఓటరుగా ఉండటం’ అని అడిగితే ఓటు వేసినవాళ్ళు పెరిగారని 2011లో క్రిస్టఫర్ బ్రయన్ బృందం చెప్పింది. 2016లో మరో బృందం పెద్ద ఎత్తున చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. చిన్నపిల్లలను ‘సాయం చేయండి’ అనడం కంటే ‘సాయం చేసేవాళ్ళుగా ఉండండి’ అంటే ఎక్కువ సాయం చేశారని 2014లో ఒక అధ్యయనం వచ్చింది. అయితే సాయం చేయబోయి విఫలమైన పిల్లలను తర్వాత చూసినవాళ్ళకు, ఆ పేరు తగిలించుకున్న పిల్లలే కష్టమైన సాయాల నుంచి వెనక్కి తగ్గినట్టు కనిపించింది. అంటే మంచి ముద్ర మొదట నెడుతుంది, దెబ్బ తగిలినప్పుడు బరువవుతుంది. కనుక ‘కష్టజీవిని’ అనే మాటను పదేళ్ళ పని తర్వాత ఇతరులు ఇస్తే పుచ్చుకోండి, మొదటి రోజున మీకు మీరు ఇచ్చుకోకండి.

మూడోది: అంతా ‘ఉంది’, ‘చేసిన’ అంటూ పోతే చెడ్డవాణ్ణి చెడ్డవాడని ఎప్పుడు అంటాం, బాధ్యత ఎవరు మోస్తారు? నిజానికి బాధ్యత ధాతుజ విశేషణంలోనే ఎక్కువ. ‘మోసగాడు’ అన్నవాడితో అతను కాదని వాదించగలడు, ఊళ్ళో సగంమంది అతని పక్షం వహించగలరు. ‘ఇద్దరి దగ్గర అప్పు తీసుకుని గడువు దాటినా తీర్చని మనిషి’ అంటే వాదించడానికి ఏమీ మిగలదు. చీటీ వేసేవాళ్ళు, సరుకు అరువిచ్చేవాళ్ళు, పడవ మీదికి మనిషిని తీసుకునేవాళ్ళు తీర్పు చెప్పక తప్పదు. నాలుగుసార్లు చేయని పని కళ్ళముందు ఉన్నప్పుడు మూడో చోటు వాడుకోండి, అది అందుకే ఉంది. నేను అడిగేది ఆ నాలుగుసార్లు లెక్కపెట్టమని మాత్రమే.

ఆచరణ విషయానికి వస్తే, మీ గురించి మీరు తరచూ అనుకునే అయిదారు వాక్యాలు కాగితం మీద యథాతథంగా రాయండి. చదువుకున్నవాళ్ళ భాషలో కాదు, మనసులో వినిపించే భాషలో. ప్రతి వాక్యం చివర చూడండి. వాణ్ణి, దాన్ని, వాళ్ళం అని ముగిస్తే దాని కింద అందుకు సాక్ష్యమైన పనులు రాయండి, ఎప్పుడు జరిగాయో కూడా. మూడు పనులు రాయలేకపోతే వాక్యాన్ని ‘గా ఉంది’ లోకి దించండి. పనులు రాయగలిగితే వాక్యాన్ని కొట్టేసి ఆ పనులనే ఉంచండి. వాటిలో ఏది రేపు చేయవచ్చో, ఏది మానవచ్చో అప్పుడు తెలుస్తుంది. ‘మాటకారిని కాను’ అన్నదాన్ని రేపు ఏమీ చేయలేం. ‘పోయిన నెల మీటింగులో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదు’ అన్నదానికి జవాబు ఇవాళ తయారు చేసుకోవచ్చు. తల్లిదండ్రులు ఇదే పని పిల్లల గురించి అనే వాక్యాలతో చేయాలి, మొదట తిట్లతో, తర్వాత పొగడ్తలతో. పొగడ్తలను దిద్దడమే కష్టం, ఎందుకంటే అవి ప్రేమతో అంటాం. జువ్వలదిన్నెలో తండ్రితో కలిసి వల అల్లిన పిల్లకు ‘నువ్వు బంగారం’ అనే ముద్దుమాట ఉండనివ్వండి, దాన్ని ఎవరూ గుణపరీక్షగా వినరు. కానీ ఆ తర్వాత ‘ఈ ముడి గట్టిగా వేశావు’ అని కూడా చెప్పండి. ఈ రాత్రికే ఆ కాగితం తీసి, ఒక్క వాక్యంతోనైనా మొదలుపెట్టండి.